నిందితుడి తరఫు పేజీ

నేను రాసిన వ్యాసాల్లో నలుగురూ బాగుందన్నది ఒక్కటే. పందొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రియాలో ఒక చిన్న ఊరికి న్యాయాధికారిగా పనిచేసి, కోర్టు ముగిశాక కథలూ నాటకాలూ రాసుకున్న ఒక మనిషి జీవితం అది. మా హేతువాద మాసపత్రికలో అచ్చయినప్పుడు ఉత్తరాలు వచ్చాయి. ఒక కాలేజీ మేష్టారు తన విద్యార్థుల చేత బిగ్గరగా చదివించానని రాశారు. ఆ సంచిక ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దాన్ని తెరవను. ఆఖరి రెండు పేరాలు ఏ శుక్రవారం సాయంత్రం రాశానో నాకు తెలుసు. అవి రాస్తున్నప్పుడు నా అరచేతికి ఇంకా కర్పూరం వాసన వస్తోంది.

అప్పుడు నేను జెబెల్ అలీలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేవాణ్ని. కాపురం షార్జాలో, రోలా దగ్గర. కంపెనీ బస్సులో రానూ పోనూ రోజుకు నాలుగు గంటలు పోయేవి. రోడ్డు వెంట మెట్రో స్తంభాలు అప్పుడే లేస్తున్నాయి. నా పని కార్మికుల కాగితాలు. వీసా రెన్యువలు, మెడికల్, సెలవు, కాన్సిల్: దేనికైనా ఒక ఉత్తరం టైపు చేసి, కింద మూలన నా పొడి అక్షరాలు పెట్టి, మేనేజరు సంతకం చేయించి క్యాంపు ఆఫీసుకు పంపాలి. కార్మికులు నా బల్ల మీదికి నంబర్లుగా వచ్చి నంబర్లుగా వెళ్లిపోయేవాళ్లు. పేరు రెండో గడిలో ఉండేది. దాన్ని నేను చూసి కొట్టేవాణ్నే గాని చదివేవాణ్ని కాదు.

దుబాయ్ రాకముందు నేను వేదికల మనిషిని. పద్దెనిమిదేళ్లకే మైకు పట్టుకున్నాను. బాబాల మహిమలను బట్టబయలు చేసే ప్రదర్శనలు ఊరూరా ఇచ్చాం. విభూతి రాల్చేవాణ్ని, నాలుకకు శూలం గుచ్చుకునేవాణ్ని, అరచేతిలో కర్పూరం వెలిగించి నోట్లో వేసుకునేవాణ్ని. అన్నిటి వెనకా ఉన్న కిటుకు విప్పి చెప్పేవాణ్ని. కులాంతర వివాహం చేసుకున్న ఒక జంటను ఊరు వెలివేస్తే, ఆ ఊరి నడిబొడ్డున నిలబడి మాట్లాడాను. తోటి మనిషికి పంక్తిలో చోటు లేదనేవాడు ఏ దేవుడికి మొక్కితే ఏమిటని అడిగాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు దుబాయ్ వచ్చాక దొరకలేదు. వాటికోసం నేను మొహం వాచి ఉన్నానన్న సంగతి అప్పుడు నాకు తెలియదు.

ఆ న్యాయాధికారిని నాకు పరిచయం చేసింది మా ఆఫీసులోనే ఉన్న ఆస్ట్రియా ఇంజనీరు. రిటైరవడానికి దగ్గర పడ్డ పెద్దమనిషి. ఆయన తల్లి వైపు పూర్వీకుడే ఆ న్యాయాధికారి. ఇంట్లో ఉన్న పాత నోటుపుస్తకాలను ఫొటోకాపీ తీయించి వెంట తెచ్చుకున్నారు. నేను పత్రికలకు రాస్తానని తెలిశాక, మధ్యాహ్నం భోజనం వేళ ఒక్కొక్క పేజీ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు. నేను టిఫిన్ డబ్బా మూత మీద కాగితం పెట్టుకుని రాసుకునేవాణ్ని. ఒక చలికాలమంతా అలా గడిచింది.

ఆ న్యాయాధికారి నేతగాడి కొడుకు. ధనవంతుల పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ వియన్నాలో లా చదివాడు. కొండల మధ్య ఒక చిన్న పట్నంలో ఉద్యోగం ఇచ్చారు. పాలేళ్లు, పాల మనుషులు, కట్టెలు కొట్టేవాళ్లు, సరిహద్దు రాళ్ల దగ్గర తల పగలగొట్టుకున్న అన్నదమ్ములు, వీళ్లే ఆయన ముందుకు వచ్చేది. చక్రవర్తి జీతం తీసుకునేవాడు నాటకాలు రాయడం పరువుతక్కువని పైవాళ్లు అనుకునే కాలం. అందుకని మారుపేరు పెట్టుకున్నాడు. పట్నంలో మాత్రం అందరికీ తెలుసు. ఆయన వీధిలో కనిపిస్తే, జాగ్రత్త, జైల్లోనన్నా పెడతాడు, పుస్తకంలోనన్నా పెడతాడు అని నవ్వుకునేవాళ్లట. ఒకే ఒక్క నాటకం వియన్నాలో ఆడారు. రెండో అంకంలోనే జనం లేచి వెళ్లిపోయారు. ఆ రాత్రికి రాత్రే గుర్రపుబండి ఎక్కి, ప్రయాణపు దుమ్ముతోనే వచ్చి కోర్టులో కూర్చున్నాడు. ప్రమోషన్ రాలేదు. చివరి సంవత్సరాల్లో చెవులు వినపడక ఉద్యోగం మానేశాడు.

నన్ను పట్టేసింది ఆయన పనిచేసే పద్ధతి. ఏ తీర్పు రాసే ముందైనా ఆ నోటుపుస్తకంలో ఒక పేజీ నిందితుడి తరఫున రాసేవాడు. "నేను" అని మొదలుపెట్టి. నిందితుడు కోడిని ఎత్తుకుపోయినవాడైతే, "నేను పొద్దున లేచేసరికి నా భార్య పొయ్యి వెలిగించలేదు" అంటూ. పేజీ నిండకపోతే తీర్పు రాసేవాడు కాదు. వాయిదా వేసి, ఆ మనిషిని మళ్లీ పిలిపించి, మామూలు ప్రశ్నలు అడిగేవాడు. ఏం తిన్నావు, ఎక్కడ పడుకున్నావు, ఎవరితో మాట్లాడావు. ఆ పేజీలే తర్వాత ఆయన కథలయ్యాయి.

నోటుపుస్తకాల్లో ఒక్క పేజీ మాత్రం ఖాళీగా ఉందని ఇంజనీరు ఒకరోజు చూపించారు. పైన కేసు నంబరు ఉంది. కింద ఏమీ లేదు.

"కేసు కొట్టేసి ఉంటారు" అన్నాను నేను.

"మా అమ్మ అలా అనుకోలేదు" అన్నారాయన. మరేమనుకున్నారని నేను అడగలేదు. ఆ ఖాళీ పేజీ నా వ్యాసానికి పనికిరాదనిపించింది.

క్యాంపు గొడవ అదే చలికాలం చివర్లో వచ్చింది. మా ఫ్యాక్టరీ కార్మికుల క్యాంపులో గదికి పన్నెండు మంది. కాంట్రాక్టరు పెట్టే భోజనం ఎవరికీ నోట్లోకి పోయేది కాదు. అందుకని ఒక గదిలోని తెలంగాణ వాళ్లు మెస్ నడుపుకునేవాళ్లు. మంచం కింద దాచిన హీటరు మీద వంతులవారీగా అన్నం, పప్పు, పచ్చిపులుసు చేసుకుని, కింద పాత న్యూస్‌పేపర్లు పరుచుకుని, పన్నెండు మందీ గుండ్రంగా కూర్చుని తినేవాళ్లు. గదుల్లో వంట నిషేధం. ఒక మంగళవారం ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, పంపిన మనుషులు వచ్చి హీటర్లూ గిన్నెలూ పట్టుకుపోయారు. మంచం కింద అడుగున, సూట్‌కేసు వెనక ఉన్నదాన్ని కూడా తిన్నగా వెళ్లి లాగారు. ఎవరో చెప్పారని గదికి అనుమానం. అంతకుముందు రోజు సాయంత్రం ఆ గదిలో ఉండే ఒక వెల్డరు క్యాంపు ఆఫీసు నుంచి బయటికి రావడం ఇద్దరు చూశారు. ముదీర్ అతని భుజం మీద చెయ్యి వేశాడట.

గదిలో పెద్దవాడు ఒక ఫోర్‌మన్. కాగితాల పని మీద నా దగ్గరికి వస్తుండేవాడు. ఆయనే కబురు చేశాడు. "సార్, మీరు చదువుకున్నోళ్లు. పోరగాండ్లు కొట్టుకునేటట్టు ఉన్నరు. శుక్రవారం వచ్చి ఒక మాట చెప్పుండ్రి."

బయల్దేరుతుంటే మా ఆవిడ అంది. "వారానికి ఒక్క సెలవు. అక్కడ కూడా ఉపన్యాసమేనా?"

"ఉపన్యాసం కాదు, విచారణ" అన్నాను. ఆ మాట అనడం నాకు ఎంత ఇష్టంగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక క్యాంపుకు చేరాను. నాకోసం ఒక కుర్చీ తెచ్చి వేశారు. మిగతావాళ్లు మంచాల మీద, పై మంచాల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. వెల్డరు గుమ్మం పక్కన నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, కరీంనగర్ వైపు. మాటమాటకూ గొంతు సవరించుకుంటున్నాడు. అది భయమనుకున్నాను.

"సోమవారం క్యాంపు ఆఫీసుకు వెళ్లారా?"

"పోయిన సార్."

"ఎందుకు వెళ్లారు?"

"పిలిచిండ్రు."

"దేనికి పిలిచారు?"

అతను నేల చూశాడు. పై మంచం మీంచి ఒకడు అన్నాడు. "మా మామకు ముదీర్ చాయ్ పోసిండు కావచ్చు సార్."

అందరూ నవ్వారు. వెల్డరు నవ్వలేదు.

"హీటరు సంగతి చెప్పారా?"

"లేదు సార్. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు వద్దు. మరి ఏం మాట్లాడారు? చెప్పండి, గొడవ తీరిపోతుంది."

మళ్లీ గొంతు సవరించుకున్నాడు. తలెత్తి, "నేను చేతుల కర్పూరం ముట్టిచ్చుకొని ప్రమాణం చేస్త సార్. నేను చెప్పిన్నంటే నా చెయ్యి కాలాలె" అన్నాడు.

గదిలో ఒక్కసారిగా బిగువు సడలింది. ఫోర్‌మన్ గబుక్కున లేచి మూలనున్న దేవుడి పటాల దగ్గర కర్పూరం డబ్బీ తీశాడు. "గంతే సార్. ప్రమాణం చేస్తె ఖలాస్. ఇంక మళ్ల అడిగేది లేదు. ఏమంటర్రా?"

అందరూ తలలూపారు. వాళ్లకు ఆ గొడవ ముగిసిపోవాలి. అందరూ కలిసి తినాలి. అంతకన్నా వాళ్లు ఏమీ కోరలేదు. అది నేను చూడలేదు. నేను చూసింది కర్పూరం డబ్బీని. పదిహేనేళ్లుగా నేను పోరాడిన శత్రువు అగ్గిపెట్టెలో పట్టేంత డబ్బీలో నా ముందుకు వచ్చింది.

"ఆగండి" అని లేచాను. డబ్బీ తీసుకున్నాను. బిళ్ల ఒకటి అరచేతిలో పెట్టుకుని ఫోర్‌మన్‌ను వెలిగించమన్నాను. "ఇప్పుడు నేను అబద్ధం ఆడుతున్నాను, చూడండి. మీ అందరికీ వీసాలిచ్చిన కఫీల్ నేనే. ఈ క్యాంపు నాది. అబద్ధమైతే నా చెయ్యి కాలాలి." మండుతున్న బిళ్లను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాను, మళ్లీ ఇటు మార్చాను, నాలుక మీద వేసుకుని నోరు మూశాను. తెరిచి చూపించాను.

"అరే, సార్ బాబా అయిండు!" అని పై మంచం మీదివాడు కేక వేశాడు. చప్పట్లు కొట్టారు. ఎన్నేళ్లకో విన్న చప్పట్లు. నేను కిటుకు విప్పి చెప్పాను. అబద్ధాలకోరు చెయ్యి కూడా కాలదని, కర్పూరం సాక్ష్యం చెప్పదని, సాక్ష్యం చెప్పాల్సింది మనిషేనని. ఒక్క మాట కూడా తప్పు కాదు. ఇవాళ చెప్పమన్నా అవే చెబుతాను.

ఇదంతా జరుగుతుంటే వెల్డరు చెయ్యి ఇంకా చాపే ఉంది. కర్పూరం కోసం చాపిన చెయ్యి. మెల్లిగా కిందికి దించాడు.

"ఇప్పుడు చెప్పండి. ఆఫీసులో ఏం మాట్లాడారు?"

అతను నా వైపు చూశాడు. నిజం చెప్పలేక, ప్రమాణానికి విలువ లేక, ఇంక చేతిలో ఏమీ మిగలని మనిషి చూపు అది. ఈ వాక్యం ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు మాత్రం, నిర్దోషికి మౌనంతో అవసరం లేదు, అని గదికి వివరించాను. వెళ్లినట్టు ఒప్పుకున్నాడు, కారణం చెప్పడు, మర్నాడే తనిఖీ, దాచిన చోటికే తిన్నగా వెళ్లారు. నాలుగు వేళ్లు మడిచి చూపించాను.

"మరి ఏం చేద్దాం సార్?" అన్నాడు ఫోర్‌మన్.

"అది మీ ఇష్టం. మెస్ మీది" అన్నాను. తర్వాత, నిలబడి, ఇంకో వాక్యం కూడా అన్నాను. "నమ్మకం లేని చోట కలిసి తినడం కుదరదు కదా."

అంతే. వెలి అన్న మాట నేను వాడలేదు. వెలివేసిన ఊళ్లో కూడా ఎవరూ ఆ మాట వాడలేదు. అక్కడి పెద్దలు కూడా ఇంత మర్యాదగానే మాట్లాడారు.

సాయంత్రం ఇంటికి వచ్చి వ్యాసం ముగించాను. నిందితుడి తరఫు పేజీ గురించి, ఊహ లేని న్యాయం ఎంత క్రూరమో, దాని గురించి రెండు పేరాలు. చెయ్యి ఆగకుండా వచ్చాయి. మా ఆవిడ కాఫీ తెచ్చి, క్యాంపులో ఏమైందని అడిగింది. చెప్పాను. కర్పూరం దగ్గర నవ్వింది. చివర్లో, "మరి ఆయన అన్నం ఎక్కడ తింటాడు?" అంది.

"కాంట్రాక్టరు పెడతాడు" అని రాసుకుంటూ ఉండిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం ఇంజనీరుకు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "కారణం చెప్పనేలేదా అతను?" అన్నారు. లేదన్నాను. "అయితే ఎలా ముగించావు?" అన్నారు. నా తర్కం మళ్లీ చెప్పాను. ఆయన తల ఊపి రొట్టె తుంచుకున్నారు. ఆ రోజు నోటుపుస్తకం తీయలేదు.

మూడు వారాలకు క్యాంపు క్లర్కు, మలయాళీ, ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "సార్, ఈ నంబరు కాన్సిల్. మెడికల్ ఫెయిల్. లంగ్స్‌లో మచ్చ. ఖలాస్, సాయంత్రం ఫ్లైట్." వీసా రెన్యువలుకు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపిస్తే, ఎప్పటిదైనా సరే, ఆ రోజుల్లో తిరిగి పంపేసేవాళ్లు. కాన్సిల్ ఉత్తరం టైపు చెయ్యడానికి ఫైలు తీశాను. రెండో గడిలో పేరు. మొదటిసారి చదివాను. ఆ శుక్రవారం గదిలో విన్న పేరే. ఆ పక్కనే: వెల్డర్.

ఫైలులో పై కాగితం, ఎక్స్‌రే మళ్లీ తీయాలి, ఫలానా సోమవారం క్యాంపు ఆఫీసులో హాజరు కావాలని ఇచ్చిన ఉత్తరం. గదిలో నేను సోమవారం సోమవారం అని నిలదీసిన ఆ సోమవారమే. కింద మూలన నా పొడి అక్షరాలు. ఆ కాగితం నేను టైపు చేశాను. ఆ సోమవారానికి ముందే నా చేతుల మీదుగా వెళ్లింది.

అప్పుడింకో ఫైలు వెతికాను. క్యాంపులో ఇంకో బ్లాకులో హీటరు వైరు కాలి పరుపు అంటుకుందని, మంగళవారం అన్ని గదులూ, ముఖ్యంగా మంచాల కిందా సూట్‌కేసుల వెనకా వెతకాలని ఇచ్చిన సర్క్యులరు. దాని కాపీ కూడా నా ట్రేలోంచే వెళ్లింది. ఎవరూ ఎవరి గురించీ చెప్పలేదు. సాక్ష్యం కావాలని గదంతా మారుమోగేలా అరిచినవాడి బల్ల మీదే రెండు సాక్ష్యాలూ ఉన్నాయి.

మధ్యాహ్నం షిఫ్టు మారే బస్సులో క్యాంపుకు వెళ్లాను. గదిలో వెల్డరు ఒక్కడే ఉన్నాడు. అట్టపెట్టెకు తాడు కడుతున్నాడు. నన్ను చూసి లేచి, ఆ రోజు నేను కూర్చున్న కుర్చీనే దులిపి జరిపాడు.

"కూసోండి సార్."

కూర్చోలేదు. చూసినదంతా చెప్పాను. కాగితం, సర్క్యులరు, నా పొడి అక్షరాలు. తప్పు నాదన్నాను. అతను తాడు ముడి బిగిస్తూనే విన్నాడు.

"నాకు కూడ గప్పుడు తెల్వది సార్, తనిఖీ ఎట్లొచ్చిందో."

"ఎక్స్‌రే కోసం పిలిచారని ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

చిన్నగా నవ్వాడు. "దగ్గు జబ్బని తెలిస్తె కలిసి తిననియ్యరని చెప్పలే. చెప్పకున్నా తిననియ్యలే."

పాత టీబీ మచ్చ నుంచి జబ్బు ఎవరికీ అంటుకోదని తర్వాత ఒక డాక్టరు నాకు చెప్పాడు. ఆ రోజు గదిలో అతను నోరు విప్పి ఉంటే, సైన్సు గురించి మాట్లాడాల్సిన వంతు నిజంగా నాకు వచ్చి ఉండేది. అతనికి ధైర్యం పోసే ఒక్క మాట నేను అడగలేదు. ఏం తిన్నావు, ఎక్కడ పడుకున్నావు, ఎవరితో మాట్లాడావు. మూడు వారాలు ఎక్కడ తిన్నారని అప్పుడు అడిగాను.

"గా నీళ్ల నల్ల కాడ, మెట్ల మీద. నీడ ఉంటది" అన్నాడు. తర్వాత, "సార్, ఒకటి అడుగుత. గా కర్పూరంతోని చెయ్యి ఎట్ల కాలలే? నాకు నేర్పుండ్రి. ఊళ్లె పోరగాండ్లకు చూపిస్త" అన్నాడు.

అది ఎగతాళేమోనని మొహం చూశాను. కాదు. డబ్బీ తెచ్చి ఇచ్చాడు. వేడి చర్మానికి తగిలేలోపు మార్చెయ్యాలని, నోట్లో వేసుకునేటప్పుడు నాలుక తడిగా ఉండాలని, మూయగానే గాలి అందక ఆరిపోతుందని చూపించాను. రెండోసారికి వచ్చేసింది. మంట ఎగరేస్తూ, "అగో, గింతేనా!" అని నవ్వి, నవ్వులోనే దగ్గు వచ్చి కూర్చుండిపోయాడు.

వ్యాను వచ్చింది. అట్టపెట్టె ఒక కొస నేను పట్టుకున్నాను.

షిఫ్టు దిగి పదకొండు మందీ వచ్చేసరికి నేను గుమ్మం బయట ఉన్నాను. లోపలికి వెళ్లి, అదే కుర్చీలో కూర్చుని, అందరి ముందూ చెప్పాలి. అందుకే ఆగాను. వాళ్లు బూట్లు విప్పుకుంటూ, అలసిపోయి, ఖాళీ మంచం వైపు చూసి ఊరుకున్నారు. నా గొంతు లేవలేదు. వేల మంది ముందు లేచిన గొంతు. ఫోర్‌మన్‌ను పక్కకు పిలిచి ఆయన ఒక్కడికే చెప్పాను. తీర్పు పన్నెండు మంది ముందు, ఒప్పుకోలు ఒకడి చెవిలో.

ఆయన మెట్ల వైపు చూశాడు. "నిన్న వంట నాది సార్. కొత్త హీటర్ మీద చాటుకు పప్పు చేసిన. కిటికీల కెళ్లి చూసిన, మెట్ల మీద ఉన్నడు. పిలవలే" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ ఎప్పుడూ కాగితాల పని మీద కూడా నా దగ్గరికి రాలేదు, ఇంకొకరిని పంపేవాడు.

వ్యాసం అప్పటికే పోస్టులో వెళ్లిపోయింది. ఆపమని ఒక ఫోను చేస్తే ఆగేది. చెయ్యలేదు. దాని గురించి వేరే సాకు లేదు.

ఇంజనీరు రిటైరై వెళ్తూ ఫొటోకాపీలు నాకే ఇచ్చారు. ఖాళీ పేజీ కూడా వాటిలో ఉంది. ఈసారి నేనే అడిగాను, మీ అమ్మగారు ఏమనుకున్నారని. "ఆ కేసులో తీర్పు ఇచ్చేశాడని" అన్నారు. "పేజీ రాయకుండానే. తర్వాత రాయాలని నంబరు వేసుకున్నాడని."

నేను కూడా ఒక కాగితం మీద నంబరు వేసుకున్నాను. ఆ వెల్డరు ఫైలు నంబరు. ఇన్నేళ్లలో చాలాసార్లు "నేను" అని మొదలుపెట్టాను. మూడో వాక్యానికల్లా అతను నాలాగే మాట్లాడతాడు. వాదిస్తాడు, వేళ్లు మడుస్తాడు, మూఢనమ్మకాలను ఖండిస్తాడు. చించేస్తాను. అతని పేజీలో అతనిదని చెప్పగలిగింది ఇప్పటికి ఒక్క వాక్యమే ఉంది. చెప్పకున్నా తిననియ్యలే.